నాన్నగారి కె1000 పెట్టెలో ఉండగా ఎఫ్ఎం2 కొనాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒంగోలులో మీ ఇంటి అటక మీది ట్రంకు పెట్టెలో మీ నాన్నగారి పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా, దానితోపాటు 50 ఎంఎం లెన్స్ దొరికాయి. దానినే బాగు చేయించుకోమని ఒకరు, నికాన్ ఎఫ్ఎం2 తప్ప మరొకటి నమ్మదగినది కాదని ఇంకొకరు, కొత్తవారికి క్యానన్ ఏఈ-1 తేలిక అని మూడోవారు, ఒలింపస్ ఓఎం-1 చేతికి హాయిగా ఉంటుందని నాలుగోవారు చెప్పారు. అందరూ ఏళ్ల తరబడి కెమెరా పట్టినవారే అయినప్పుడు ఇన్ని రకాలుగా ఎందుకు చెబుతున్నారు, వీటిలో నిజంగా ఏది నమ్మదగినది అన్నది మీ ప్రశ్న. కొత్తపట్నం తీరంలో జాలరులను, చీమకుర్తి క్వారీలలో పనివారిని తీయాలని, రాబోయే మాఘమాసంలో మీ చెల్లెలి పెళ్లిలో కొన్ని రీళ్లు తీయాలని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. ఇప్పుడు ఏదీ కొనవద్దు. మీ నాన్నగారి కెమెరాను కింద చెప్పిన విధంగా పరీక్షించండి, అవసరమైతే సర్వీసింగ్ చేయించండి, దానితో ఒక ఏడెనిమిది రీళ్లు తీయండి. ఆ తర్వాత కూడా ఎఫ్ఎం2 మీద మనసు ఉంటే నిశ్చింతగా కొనండి, అయితే అది నమ్మకం కోసం కొంటున్నానని మాత్రం అనుకోకండి, ఇష్టం కోసం కొంటున్నానని ఒప్పుకొని కొనండి.

మీకు సలహా ఇచ్చిన నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి ఒక్కరూ తమ చేతిలో చెడిపోకుండా మిగిలిన ఒక్క కెమెరాను చూసి, ఆ మోడల్ మొత్తానికి యోగ్యతాపత్రం రాసి ఇచ్చారు. ఫలానా మోడల్ నమ్మదగినదా అనే ప్రశ్నకు ఆ కెమెరా అంగట్లో కొత్తగా దొరికే రోజుల్లో అర్థం ఉండేది, ఎందుకంటే అప్పుడు పెట్టెలో నుంచి తీసిన ప్రతి కెమెరా దాదాపు ఒకే స్థితిలో ఉండేది. నలభై ఏళ్ల తర్వాత ఒకే రోజున తయారైన రెండు కెమెరాలలో ఒకటి ఎండిన బీరువాలో, రెండోది ఉప్పుగాలి తగిలే గదిలో గడిపి ఉంటే, వాటి మీద ముద్రించిన పేరు తప్ప వాటి మధ్య పోలిక పెద్దగా మిగలదు. ఇప్పుడు అడగవలసినది ఈ ఒక్క కెమెరా ఎలా బతికింది, ఇది ఆగిపోతే బాగు చేయగలిగిన మనిషి నాకు అందుబాటులో ఉన్నాడా అని మాత్రమే.

నాకు ఈ సంగతి అనుభవంతోనే తెలిసింది. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. మా దగ్గర రెండు కెమెరాలు ఉండేవి, ఒకటి పూర్తిగా యాంత్రికమైనది, రెండోది సెల్లు లేకుండా కదలని ఎలక్ట్రానిక్ కెమెరా. తుపాను తర్వాత కరెంటు లేదు, తెరిచిన దుకాణం లేదు, సెల్లు అయిపోయిన రెండో కెమెరాను మా యజమాని రేకు డబ్బాలో పెట్టి మూత బిగించారు. కూలిన ఇళ్లను, చచ్చిన పశువులను నష్టపరిహారం కోసం ఫోటోలు తీసి పెట్టమని జనం వచ్చేవారు, ఆ యాంత్రిక కెమెరాతోనే రోజుల తరబడి తుంపరలో, బురదలో తిరిగి తీశాను. అప్పటికి యంత్రమే యోధుడు అని నేను తీర్మానించుకున్నాను. నాలుగు నెలల తర్వాత ఒక పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఆ కెమెరాలో రీలు తిప్పే లివరు బిగుసుకుపోయింది, విప్పి చూస్తే లోపలి పళ్లచక్రాలకు తుప్పు పట్టింది. తడిసిన తర్వాత దాన్ని ఎవరూ శుభ్రం చేయించలేదు, నేను కూడా చెప్పలేదు. రేకు డబ్బాలో కూర్చున్న ఎలక్ట్రానిక్ కెమెరా మాత్రం ఆ తర్వాత పదిహేనేళ్లు పని చేసింది. రెండింటి కంపెనీల పేర్లు చెప్పను, చెబితే మీరు మళ్లీ పేర్లనే గుర్తుపెట్టుకుంటారు.

అలాగని మోడళ్ల మధ్య తేడా లేదని కాదు. తేడా అవి చెడిపోయే తీరులో ఉంది. యాంత్రిక కెమెరా ముసలివారిలాగా మెల్లగా, ముందే చెబుతూ చెడిపోతుంది. షట్టరు, అంటే ఫిల్మ్ మీదికి క్షణంపాటు వెలుతురు వదిలే తెర, నెమ్మది వేగాల్లో సాగుతుంది, లివరు బరువెక్కుతుంది, చప్పుడు మారుతుంది. ఎలక్ట్రానిక్ కెమెరా నిన్న పని చేసి ఇవాళ పని చేయదు, మధ్యలో సూచన ఏదీ ఉండదు. పైగా దాని లోపలి సర్క్యూట్లు ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు కనుక, మరో చచ్చిన కెమెరా నుంచి తీసి వేయడం తప్ప దారి ఉండదు.

కె1000ను 1976 నుంచి 1997 వరకు తయారు చేశారు. అందులో సెల్లు వెలుతురును కొలిచే లైట్ మీటరుకు మాత్రమే, షట్టరు సెకను నుంచి 1/1000 వరకు స్ప్రింగుల బలంతోనే నడుస్తుంది. సెల్ఫ్ టైమరు లేదు, వేరే సౌకర్యాలు లేవు, లేనిది చెడిపోదు కదా. మీటరుకు ఆన్, ఆఫ్ మీట కూడా లేదు, లెన్స్ మీద వెలుతురు పడినంతసేపు సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది, అందువల్ల పని కాగానే లెన్స్ మూత పెట్టడం అలవాటు చేసుకోవాలి. ఎల్ఆర్44 అనే గుండీ సెల్లు ఒక్కటి చాలు, గడియారాల దుకాణంలో దొరుకుతుంది.

పరీక్ష ఇలా చేయండి. సెల్లు వేయకముందే, రీలు లేకుండా, వెనక తలుపు తెరిచి లివరు తిప్పి మీట నొక్కండి. గుడ్డ తెర పక్కకు జరుగుతుంది, దానిని వేలితో తాకవద్దు. ముడతలు, సూది మొనంత రంధ్రాలు ఉన్నాయేమో చీకటి గదిలో టార్చి వేసి చూడండి. తర్వాత సెకను వేగం పెట్టి నొక్కండి. అది రెండు సెకన్లు సాగినా, మధ్యలో ఆగి మూలిగినా లోపలి గ్రీజు ఎండిందని అర్థం, ట్రంకు పెట్టెలో ఇరవై ఏళ్లు పడి ఉన్న కెమెరాకు అది సహజం. నాలుగు రోజులపాటు పూటకు పాతికసార్లు ఖాళీగా నొక్కితే కొంత కదలిక వస్తుంది. అంతేగాని ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె చుక్క వేద్దామని ఎవరైనా అంటే వారిని కెమెరాకు దూరంగా కూర్చోబెట్టండి, ఆ నూనె పాకి తెరల దాకా పోతే బాగు చేసేవారికి కూడా తలనొప్పే. నెమ్మది వేగాలను కొలవడానికి ఇప్పుడు ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీస్తే, 1/30 వేగంలో తెర దాదాపు 8 ఫ్రేములసేపు తెరుచుకొని కనిపించాలి, 12 కనిపిస్తే షట్టరు సాగుతున్నట్టు లెక్క.

వేగవంతమైన చివరన వచ్చే జబ్బు వేరు. 1/1000లో రెండు తెరల మధ్య సన్నని చీలిక మాత్రమే ఫిల్మ్ మీదుగా పరుగెత్తుతుంది. ఒక తెర వెనకబడితే ఆ చీలిక దారిలోనే మూసుకుపోయి, ఫోటోలో ఒక పక్క నల్లబడుతుంది. లెన్స్ తీసి, తెల్లని గోడ వైపు పెట్టి వెనక నుంచి చూస్తూ నొక్కితే ఆ పక్క చీకటి కంటికే తెలుస్తుంది. సర్వీసింగ్ కుదిరే వరకు ఆ వేగం వాడకుండా 1/500తో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

వెనక తలుపు అంచున, అద్దం పైన ఉండే నల్ల స్పాంజి పట్టీలు ఈపాటికి బంకగా మారి ఉంటాయి. అవి పోతే వెలుతురు దూరి ఫోటోల మీద ఎర్రటి, నారింజ రంగు చారలు వస్తాయి, కొత్త పట్టీలు వేయడం చిన్న పని. సెల్లు గదిలో ఆకుపచ్చటి చిలుము కనిపిస్తే నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరిన తర్వాత సెల్లు వేసి, మీటరు ముల్లు చూపిన దానిని ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో పోల్చండి. లెన్స్‌ను ఒక పక్క నుంచి టార్చి వేసి చూసినప్పుడు సాలెగూడు లాంటి పోగులు కనబడితే అది ఫంగస్. అంచున కొద్దిగా ఉంటే ఫోటోకు నష్టం ఉండదు, మధ్యలో పరుచుకొని గాజు పూతను తినేసి ఉంటే ఆ లెన్స్ వదిలేయండి, ఇదే మౌంటులో, అంటే ఈ కెమెరాకు బిగిసే అమరికలో, ఇంకో 50 ఎంఎం దొరకడం కష్టం కాదు.

ఇక ఎఫ్ఎం2 సంగతి. 1982లో వచ్చి 2001 దాకా తయారైన ఈ కెమెరా పట్ల నాకు గౌరవం ఉంది, నా పెళ్లిళ్ల పని చాలావరకు దానితోనే చేశాను. షట్టరు సెల్లు లేకుండానే 1/4000 దాకా పోతుంది, తొలి ఏళ్ల తర్వాత వచ్చినవాటిలో ఫ్లాష్ 1/250 వేగం వరకు షట్టరుతో కలుస్తుంది. కె1000లో ఆ హద్దు 1/60. పట్టపగలు పందిట్లో, వెనక ఎండ ఉండగా పెళ్లికూతురి ముఖం మీద ఫ్లాష్ వేయవలసి వచ్చినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది. కానీ ఇక్కడే ఒక తిరకాసు ఉంది. అంత నమ్మకమైనది కనుకనే మన వైపు పెళ్లి ఫోటోగ్రాఫర్లు దానిని గానుగెద్దులా తిప్పారు. ఇప్పుడు అమ్మకానికి వచ్చే వాటిలో చాలా భాగం వందల పెళ్లిళ్లు చూసినవి. షట్టరు పలకలు పలుచని లోహపు రేకులు, రీలు వేసే తొందరలో ఎవరి బొటనవేలు తగిలినా సొట్ట పడుతుంది, పలకల మీద నూనె జిడ్డు ఉంటే అతుక్కుంటాయి. కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి మొదట చూడవలసినవి అవే. అంచుల్లో నల్లరంగు పోయి ఇత్తడి మెరిసినంత మాత్రాన భయపడకండి, వాడిన కెమెరా కదులుతూ ఉంటుంది. పెట్టె, కాగితాలతో సహా మిలమిలలాడుతూ ముప్పై ఏళ్లు ఎవరూ ముట్టని కెమెరా అని చెబితేనే నాకు అనుమానం, దాని లోపలి గ్రీజు గడ్డకట్టి ఉంటుంది.

ఏఈ-1 1976లో వచ్చింది, మైక్రోప్రాసెసరు పెట్టిన తొలి ఎస్ఎల్ఆర్, అంటే లోపలి అద్దం సాయంతో లెన్స్ గుండానే చూసే కెమెరా, అదే. వేగం మీరు పెడితే ఎపర్చరు, అంటే లెన్స్ లోపలి రంధ్రం వెడల్పు, అది చూసుకుంటుంది, కొత్తవారికి తేలిక అన్న మాట నిజమే. 6 వోల్టుల సెల్లు లేకపోతే మాత్రం అది బరువైన పేపర్‌వెయిట్. మీట నొక్కినప్పుడు దగ్గినట్టు కీచుమంటే అద్దాన్ని నడిపే చక్రాల దగ్గర నూనె ఎండిందని గుర్తు, అది ఈ కుటుంబమంతటికీ ఉన్న జబ్బు, మందు ఉన్న జబ్బే. మినోల్టా ఎక్స్-700లో కెపాసిటర్లు పోయి కెమెరా బిగుసుకుపోవడం, యాషికా ఎలక్ట్రో 35లో లోపలి చిన్న రబ్బరు ముక్క కరిగి మీటరు తప్పుగా చూపడం కూడా అందరికీ తెలిసిన సంగతులే. జోర్కీ లాంటి సోవియట్ కెమెరా ఎవరైనా ఇస్తే, లివరు తిప్పిన తర్వాతే వేగం మార్చాలన్న ఒక్క నియమం తప్పకండి.

ఓఎం-1 నాకు బాగా ఇష్టమైన కెమెరా. 1972లో దీనిని ఎం-1 అనే పేరుతో విడుదల చేసి, మరుసటి ఏడాది ఓఎం-1గా మార్చారు. వేగం మార్చే వలయం లెన్స్ చుట్టూ ఉంటుంది, కన్ను తీయకుండా ఎడమ చేతితోనే పని అంతా జరుగుతుంది, వ్యూఫైండరు కిటికీలా విశాలంగా ఉంటుంది. ఇష్టం పక్కన పెట్టి చెబితే దానికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఫైండరు లోపలి ప్రిజం అనే గాజు పట్టకం పైన అంటించిన స్పాంజి చివికి వెండి పూతను తినేస్తుంది, అప్పుడు ఫైండరులో మరకలు కనిపిస్తాయి. మీటరు 1.35 వోల్టుల పాదరసపు సెల్లు కోసం తయారైనది, ఆ సెల్లు ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టులది వేస్తే మీటరు లేని వెలుతురును ఉన్నట్టు చూపి ఫోటోలు చీకటిగా వస్తాయి. వినికిడి యంత్రాల దుకాణంలో దొరికే 675 నంబరు జింక్ ఎయిర్ సెల్లు 1.4 వోల్టులు ఇస్తుంది, చుట్టూ ఒక చిన్న రింగు పెడితే సరిగ్గా కూర్చుంటుంది. స్టిక్కరు తీసిన తర్వాత కొద్ది వారాలే పని చేస్తుంది కనుక రెండు, మూడు దగ్గర ఉంచుకోవాలి.

ఇష్టాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది తమ చేతి అలవాటును కెమెరా గుణంగా చెబుతారు. మీరు ఎడమ కంటితో చూసేవారైతే ఎఫ్ఎం2 మీకు కోపం తెప్పిస్తుంది. మీటరు వెలగాలంటే లివరును బయటికి లాగి ఉంచాలి, అది సరిగ్గా నుదుటికో కంటికో తగులుతుంది. కుడి కంటివాడు ఈ మాట ఎన్నడూ చెప్పడు, అతనికి ఆ సంగతే తెలియదు. కె1000 అద్దం ధబ్బుమంటుంది, కొందరికి అది పని జరిగిందన్న భరోసా, మరికొందరికి చికాకు. నా మటుకు నాకు, పని కోసం కాక నా కోసం తీసుకునేటప్పుడు చేతికి వచ్చేది తల వంచి పైనుంచి చూసే యాషికా మ్యాట్ 124జి. వెడల్పాటి 120 రీలులో పన్నెండే ఫోటోలు, ఫైండరులో కుడి ఎడమలు తారుమారు, బరువు, ఆలస్యం. అయినా నెల్లూరులో రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువు గట్టున నిలబడి ఆ కెమెరాలోకి తల వంచి చూస్తుంటే ఎదుటివారు బిగుసుకుపోరు. కంటికి కెమెరా పెట్టుకున్నవాడు గురి పెట్టినట్టు ఉంటాడు, తల వంచినవాడు నమస్కరించినట్టు ఉంటాడు. కొత్తపట్నంలో వల బాగు చేసుకునే పెద్దవారిని తీసేటప్పుడు ఇది మీకు ఉపయోగపడవచ్చు, అయితే దాని చక్రాలు అరిగితే రీలు తిప్పేటప్పుడు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పడతాయి, కనుక దీనిని నమ్మకమైనదిగా మీకు సిఫారసు చేయను.

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో కెమెరాకు అసలు శత్రువులు గాలిలోనే ఉన్నాయి. తీరం వైపు ఉప్పు, తేమ. చీమకుర్తి వైపు గ్రానైటు పొడి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. క్వారీకి వెళ్లినప్పుడు లెన్స్ విప్పవద్దు, లెన్స్ మీద పడిన పొడిని తుండుతోనో చొక్కా అంచుతోనో తుడవవద్దు, ఆ రాతి నలుసు గాజును గీస్తుంది, రబ్బరు బ్లోయరుతో ఊది తర్వాత మెత్తని బ్రష్ వాడాలి. మైపాడు బీచిలో గాలికి ఎదురుగా లెన్స్ మార్చిన తెలివితక్కువతనానికి నా లెన్స్ ఒకటి ఇప్పటికీ ఫోకస్ తిప్పితే గరగరమంటుంది. ఇంట్లో మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, నీలం రంగు గులాబీగా మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు. మీ నాన్నగారి తోలు కవరును జ్ఞాపకంగా దాచుకోండి గాని కెమెరాను అందులో ఉంచవద్దు, తోలు తేమను పట్టి ఫంగస్‌ను పెంచుతుంది. కలరా ఉండలు వేయవద్దు, వాటి ఆవిరి గాజు మీద పేరుకుంటుంది. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవారు ఇంకా ఉన్నారు. నెల్లూరు మొలగొలుకులు అయినా సరే బియ్యం బియ్యమే, కెమెరాలోకి పిండి తప్ప మరేదీ చేరదు.

బాగు చేయించడం కోసం చెన్నై వైపు చూడటమే మేలు. మన ఊళ్లలో ఒకప్పుడు ఈ పని చేసినవారు చాలావరకు మానేశారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటారు, కెమెరాను పార్సిలులో పంపడం కన్నా స్వయంగా తీసుకువెళ్లి, మీ ముందే నొక్కి చూపించి, ఏ వేగంలో ఏ లోపం ఉందో కాగితం మీద రాసి ఇవ్వండి. కె1000 లాంటి యాంత్రిక కెమెరా అయితే ఎవరూ పెద్దగా వెనకాడరు. ఎలక్ట్రానిక్ కెమెరా అయితే బల్ల మీద పెట్టగానే వారి ముఖం చూసి మీకే తెలుస్తుంది.

పెళ్లి విషయంలో ఒక్క మాట. డిజిటల్ ఫోటోగ్రాఫరును మాట్లాడుకోండి, మీ రీళ్లు మీ సంతోషానికి ఉండనివ్వండి. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు, దాని భారం నలభై ఏళ్ల స్ప్రింగు మీద పెట్టడం మీకూ దానికీ న్యాయం కాదు. పెళ్లికి ముందు కనీసం మూడు రీళ్లు కడిగించి ఫలితం చూసి ఉండాలి.

మొదటి రీలు పూర్తిగా పరీక్ష కోసమే వాడండి. 200 ఐఎస్ఓ కలర్ రీలు వేసి, మిట్టమధ్యాహ్నం ముందు మబ్బులేని ఎండలో ఒకే గోడను వరుసగా 1/1000కు ఎపర్చరు ఎఫ్8, 1/500కు ఎఫ్11, 1/250కి ఎఫ్16, 1/125కి ఎఫ్22 పెట్టి తీయండి, ఏ ఫ్రేము ఏదో పుస్తకంలో రాసుకోండి. ఈ నాలుగింటిలో ఫిల్మ్ మీద పడే వెలుతురు సమానం కనుక నాలుగు నెగటివ్‌లూ ఒకే చిక్కదనంతో రావాలి. ల్యాబ్‌వారు స్కాన్లు పంపి ఊరుకుంటారు, నెగటివ్‌లు తప్పకుండా వెనక్కి అడగండి, ఎందుకంటే స్కానరు తేడాలను తనంతట తానే సరిచేసి కెమెరా లోపాన్ని దాచిపెడుతుంది. వాటిని కిటికీ వెలుతురుకు ఎదురుగా పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఒక ఫోటో తీసి నాకు పంపితే, మీ నాన్నగారి షట్టరు ఏ వేగంలో ఎలా ఉందో చూసి చెబుతాను.